కంటికి పైరు లెక్క

మా బావ పోయాడని మంగళవారం పొద్దున అక్క ఫోన్ చేసి చెప్పింది. గుండె ఆగిందట. నేను రాయచూరు జిల్లాలో వాళ్ళ ఊరు తుర్విహాళ చేరేసరికి వాకిట్లో కుర్చీలు నిండిపోయాయి. కూర్చున్నవాళ్ళలో సగం మంది, కంట్లో వేయించుకున్న ఆ సూదులే మనిషిని తినేశాయని అంటున్నారు. మనిషి పోయినా ఆ మాట పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కాలవ కింద భూమి కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన తొలివాళ్ళలో బావ ఒకడు. బడి మొహం చూడని నేను వాళ్ళింట్లో చేరి అక్షరాలు కూడబలుక్కుంటుంటే, "చదువుకోరా, పొలం ఎక్కడికీ పోదు" అన్నది ఆయనే. ఆయనకు ఎడమ కన్ను చిన్నప్పుడే గడ్డిపోచ గుచ్చుకుని పోయింది. ఉన్న ఒక్క కంటితోనే నూలు పట్టినట్టు గట్లు వేయించేవాడు.

ఒక ఏడు నాట్ల ముందు, గట్టు వంకరగా వేశారని కూలీల మీద విరుచుకుపడ్డాడు. వాళ్ళు తాడు పట్టి చూపిస్తే తాడూ వంకరే అన్నాడు. రాయచూరు కంటి డాక్టరు చూసి, వంకర గట్టులో లేదు, కంటి వెనక పరదా నడిమధ్యలో ఉందని తేల్చాడు. వయసు మీద పడితే వచ్చే జబ్బట. కంట్లోకి సూదిమందు వేయించుకుంటూ ఉంటే ఉన్న చూపు నిలబడుతుందన్నాడు.

కంట్లో సూది అంటే నాకే ఒళ్ళు జలదరించింది. బావ మాత్రం బస్సులో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ వెళ్ళొచ్చేవాడు. గట్టు తిన్నగా అయింది. కూలీలకు క్షమాపణ చెప్పాడనుకునేరు. "ఇప్పుడు సరిగ్గా వేశార్రా" అన్నాడు.

కొన్నాళ్ళకు చూపు మసకేసింది. శుక్లం. ఇక్కడ మా రైతుల తెలివి గురించి ఒక మాట చెప్పాలి. మందు ఎక్కువై వరి ఆకు తెల్లబడితే కొట్టడం మానేస్తాం, పైరు తేరుకుంటుంది. ఆ లెక్క బావకు ఎన్నడూ తప్పలేదు. "కన్నయినా అంతేరా" అన్నాడు. టీకొట్టు సభ యావత్తూ తలూపింది. అక్క ఏడ్చినా వినకుండా సూదులు మానేసి, కన్ను తేరుకుంటుందని ఒక పంటకాలం ఆగాడు. ఆగినన్నాళ్ళూ ఆ తెల్లపొర చాటున, పరదా మీద నెత్తురు చిమ్ముతూనే ఉంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. మీ సూదుల వల్లే కదా పొర వచ్చిందని బావ నిలదీశాడు. డాక్టరు కోప్పడలేదు.

"గీ వయసుల పొర అందరికి వస్తది, పెద్దాయనా. సూది పోయి కంటి లెన్సుకు తగిలితే వేరే ముచ్చట, మీకు గట్ల కాలే. స్టెరాయిడ్ మందైతే పొర జల్ది తెస్తది, మీకు ఏసింది గది కాదు. పొరదేముంది, తీసేస్తం. ఎనుక పరదా పోతే ఏడికెల్లి తేవాలె? మానేముందు ఒక్క మాట అడగొద్దా?"

తిరుగు బస్సులో బావ అడిగాడు. "మరి ఆకు లెక్క ఎక్కడ తప్పిందిరా?"

"ఆకు మళ్ళీ మొలుస్తుంది బావా" అన్నాను.

శుక్లం తీశారు. లోకం అంచులన్నీ కడిగినట్టు మెరిశాయి, నడుమ మాత్రం బూడిదరంగు మచ్చ. ఎవరిని చూడాలన్నా తల పక్కకు తిప్పి, కొంగలా కంటికొసతో చూసేవాడు. అక్క మొహం తిన్నగా చూడాలని ఉందని ఒకే ఒక్కసారి అన్నాడు. మేం ఎదురుగా నిలబడటం మానేశాం. తలూపిన టీకొట్టు పెద్దలు మాత్రం ఎదురుగానే నిలబడి, నేనెవరో చెప్పుకో అని ఆటపట్టించేవాళ్ళు. వాకిట్లో కుర్చీలు నింపింది వాళ్ళే.

ఫోటోకి దండ వేసి ఉంది. జబ్బుకు ముందు తీయించిందేమో, ఆ ఒక్క కన్నూ సూటిగా చూస్తోంది. దండం పెట్టబోతూ, ఆయనకు కనపడాలని, అలవాటు కొద్దీ ఓ పక్కకు జరిగి నిలబడ్డాను.