యాసిడ్‌తో కడిగిన రాళ్ళు

మొన్న నర్సీపట్నంలో మా ఇంట్లో పనమ్మాయి బాత్రూం కడగడానికి యాసిడ్ పోసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు, మా చిన్నాన్న మీద.

మా తాతయ్య రంగురాళ్ళ కోసం కొయ్యూరు కొండలన్నీ తిరిగిన మనిషి. దొరికిన ప్రతి రాయికీ అది ఏ కొండదో రాసిన చీటీ అంటించి, చెక్కపెట్టెలో దాచాడు. ఆయన పోయాక నానమ్మ ఆ పెట్టెను ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

నా చిన్నప్పుడు ఒకరోజు ఆమె రోలుగుంట వెళ్ళింది. రాళ్ళు కొనే మనిషి వస్తున్నాడని, చిన్నాన్న వాటన్నిటినీ బకెట్లో వేసి యాసిడ్ పోశాడు. తెల్లరాళ్ళు బుసబుసమంటూ నురగ కక్కాయి. వాటికి ప్రాణం వచ్చిందనుకుని నేను చప్పట్లు కొట్టాను. అవి కరిగిపోతున్నాయని నాకేం తెలుసు?

నానమ్మ తిరిగొచ్చేసరికి తెల్లరాళ్ళు సగమయ్యాయి. చీటీలు ఒక్కటీ మిగల్లేదు.

“ఏటి సేసినావురా?” అని అరిచింది.

“మెరిస్తేనే కదమ్మా కొంతారు. రాళ్ళే కదేటి!” అన్నాడు చిన్నాన్న.

“మీ అయ్య కాళ్ళరిగేలా తిరిగి తెచ్చినవిరా! ఆ కొనేవోడ్ని గుమ్మం తొక్కనియ్యనని సెప్పు, బేగి ఎల్లు!”

మిగిలిన రాళ్ళు ఇప్పుడు నా దగ్గరున్నాయి. చిన్నాన్న ముసలివాడయ్యాడు. మా ఇంటికొచ్చిన వాళ్ళకు “మా నాన్న దాచినవి” అంటూ గొప్పగా చూపిస్తాడు. ఏది ఏ కొండదని వాళ్ళడిగితే నా వైపు చూస్తాడు.

“నువ్వే సెప్పు సిన్నాన్నా” అని లోపలికి వెళ్ళిపోతాను.