వద్దనిపించుకున్న అక్క

ఆఫీసులో ఆయన్ని వెనక అనుమానం అనేవారు, ఎదుటపడితే అనుమానంగారు. ఇంటికి తాళం వేశాక తాళంచెవి భార్య చేతికిచ్చి, వట్టి చేతులతో తలుపును మూడుసార్లు తోసి చూస్తేగాని మెట్లు దిగేవాడు కాదు. "వేసిన చేతిని నమ్మకూడదు" అనేవాడు. ఆవిడ అప్పటికే వీధి మలుపులో ఉండేది.

ఆయన ఉద్యోగమూ అదే. ఆస్పత్రులు రోగుల రిపోర్టులు దాచుకునే సాఫ్ట్‌వేర్ ఆ ఆఫీసులో తయారయ్యేది. మూడు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద అది నడవాలి. రిపోర్టు డాక్టరుకే తెరుచుకోవాలి, పరాయివాళ్ళకి తెరుచుకోకూడదు. ఆ సంగతి తేల్చి సంతకం పెట్టడం అనుమానంగారి వంతు.

మిగతా మేధావులు దాన్ని ఎప్పుడో తేల్చేశారు. వాళ్ళంతా కంప్యూటర్లలో అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్లుగా కూర్చునేవారు. ఊరందరి తాళంచెవులూ మొలన కట్టుకున్నవాడికి ఏ తలుపు అడ్డం? వద్దనాల్సిన ఫైలు వాళ్ళకు గబుక్కున తెరుచుకునేది, పరీక్ష ఫెయిలయ్యేది. అందుకని ఫైలు తెరిచి చూడటమే మానేశారు. దాని మీద, ఎవరు తెరవొచ్చో చెప్పే అనుమతుల అంకె సరిగా ఉంటే చాలు, పచ్చటిక్కు. తలుపు మీద తాళం బొమ్మ గీసి గుర్రుపెట్టి నిద్రపోయినట్టు.

సోమవారం సరుకు ఆస్పత్రులకు వెళ్ళాలి. శుక్రవారం పెద్దసారు సంతకం కోసం వచ్చాడు. పరీక్షకు నమూనాగా తన సొంత రిపోర్టే పెట్టించాడు, అంత ధీమా.

"ఏ హక్కూ లేని మనిషి ఒకసారి తోసి చూడాలి సార్."

"హక్కుల్లేని మనిషా? మన ఆఫీసులో ఎక్కడ దొరుకుతారండీ!" పెద్దసారు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తమ తమ జీతాలకు తగినంత నవ్వారు.

అనుమానంగారు గది ఊడుస్తున్న అక్కను పిలిచాడు. మూడు యంత్రాల్లోనూ 'అక్క' పేరుతో, ఏ అధికారమూ లేని ఖాతా తెరిచాడు.

"ఇది నొక్కక్కా."

నొక్కింది. "అనుమతి లేదంటోంది."

"రెండోది?"

"ఇదీ అంతే. నన్ను పొమ్మనడానికి ఇన్ని కంప్యూటర్లెందుకయ్యా? ఈ పెద్దసారొక్కడు చాలడూ?"

మూడో యంత్రంలోనూ అంకె భేషుగ్గా ఉంది. అయితే ఆ సిస్టమ్ ఆ అంకెను ఖాతరు చేసే రకం కాదు, ఎవరిని రానివ్వాలో దాని జాబితా వేరే ఉంది. ఆ జాబితాను ఎవరూ ముట్టుకోలేదు. అక్క నొక్కింది. ఫైలు తెరుచుకుంది. ఆవిడ కూడబలుక్కుని చదివింది.

"అయ్యో, తమకు మొలలా సారూ? మా ఆయనకీ ఉండేవి. కింద మెత్తటి దిండు వేసుకోండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఇద్దరు బయటికి పరిగెత్తారు.

సోమవారం సరుకు కదల్లేదు. రెండు వారాలు పట్టింది, మూడో తాళం నిజంగా పడటానికి. అనుమానంగారికి ఆ ఏడు ప్రమోషన్ రాలేదు. 'కలుపుగోలుతనం తక్కువ' అని రాశారు. 'అక్క' ఖాతా మాత్రం ఉండిపోయింది. రోజూ పొద్దున్నే తనంతట తనే మూడు యంత్రాల్నీ తట్టి, మూడుచోట్లా వద్దనిపించుకుని వచ్చేలా ఆయన దాన్ని అమర్చాడు.

ఆయన పోయిన రోజు ఆఫీసంతా ఇంటికి వచ్చింది. పెద్దసారూ వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని నిలబడే ఉన్నాడు. అక్క గుమ్మం పక్కన కూర్చుని, ఆఫీసులో అనుమానంగారి పక్క బల్లవాణ్ణి అడిగింది.

"నన్నింకా వద్దంటున్నాయా బాబూ?"

"పొద్దున కూడా అన్నాయక్కా. మూడూ."

"అననీ" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఆ తాళం పడ్డాక ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్కరోజు కూడా లోపలికి రానివ్వలేదు నన్ను."