కాడికి రెండో వైపు

మా నాయనకూ పక్క చేను ఆమెకూ గట్టు తగాదా. ఏళ్లుగా మాటల్లేవు. కానీ ఈయనకున్నదీ ఒకే ఎద్దు, ఆమెకున్నదీ ఒకే ఎద్దు. వాన పడగానే రెండింటినీ ఒక కాడికి కట్టి, ముందు మా చేను, తర్వాత ఆమె చెలక విత్తేవారు. మాట్లాడాల్సిందంతా ఎద్దులతోనే.

"గా మూల ఇడిసిపెట్టిండని చెప్పురా," అని ఆమె మా ఎద్దుతో అనేది.

"నాకు కండ్లున్నయని చెప్పురా," అని నాయన ఆమె ఎద్దుతో అనేవాడు. నాకు నవ్వాగేది కాదు.

ఈ ఏడు నాయన మా ఎద్దును సంతలో అమ్మేసి ట్రాక్టరు మాట్లాడుకున్నాడు. ఆమెకు చెప్పలేదు. మాటల్లేవు కదా!

నేను వనపర్తి కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మొన్న శనివారం ఊరికి వెళ్తే రాత్రంతా మంచి వాన. తెల్లారేసరికి ఆమె ఎద్దును తోలుకుని మా ఇంటి ముందుకొచ్చింది. ఖాళీ కొట్టం చూసింది. మొదటిసారి నాయన మొహంలోకే చూసి అడిగింది.

"ఏందన్నా, ఎద్దేది?"

నాయన తలెత్తలేదు. ఆమె ఎద్దుతో అన్నాడు: "అమ్మేసిన అని చెప్పురా."

సిగ్గుతో చచ్చిపోయాను. నేల పదును ఆరితే ఆమెకు ఈ పంట లేనట్టే. ఆ రాళ్ల చెలకలోకి ట్రాక్టరు దిగదు. అన్నీ తెలిసి నేను మాత్రం ఏం చేశాను? పళ్లు తోముకుంటూ నిలబడ్డాను.

సాయంత్రం మా ట్రాక్టరు గట్టు దాకా వచ్చి మళ్లింది. అవతల ఎద్దు పక్కన కాడికి భుజం పెట్టి లాగుతున్నది ఆమె కూతురు. మా కాలేజీ పిల్లే.

సోమవారం పాఠంలో బెడ్‌ఫెలోస్ అనే మాట వచ్చింది. మంచాలు కరువైన కాలంలో ఇంగ్లీషువాళ్ల సత్రాల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఒకే మంచం మీద సర్దుకునేవారనీ, పక్కన పడుకున్నవాణ్ణి అలా అనేవారనీ చెప్పాను. పోనుపోను, పొసగకపోయినా అవసరానికి జట్టుకట్టేవాళ్లకు ఆ పేరు వచ్చింది.

"మన దిక్కు గసుంటోళ్లు ఉన్నరా సార్?" అని ఎవరో అడిగారు.

"ఎన్నికల పొత్తులు చూడరా?" అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఆ పిల్ల నవ్వలేదు. బొబ్బలెక్కిన చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. నేను బోర్డు వైపు తిరిగాను.