దయాసాగర్ వేలంలో గెలిచిన ఊరగాయ

దయాసాగర్ జీవితంలో నోరు జారింది లేదు. జారాలంటే ముందు తెరవాలి కదా! కంటోన్మెంటు దగ్గరి కాలేజీలో ల్యాబ్ అటెండరుగా జుట్టు నెరిసినా, పెళ్ళాం వంటను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. వంక పెట్టిందీ లేదు. భార్య కృపమణి పెట్టే మిరపకాయ ఊరగాయకు చర్చి సంఘమంతా లొట్టలు వేస్తుంటే, ఈయన మాత్రం గడ్డిపరక నమిలినట్టు నమిలేవాడు.

అవి ఇనుప ఖనిజం ధరకు రెక్కలొచ్చిన రోజులు. సండూరు గనుల నుంచి లారీలు తెంపు లేకుండా దిగుతుంటే ఊరంతా ఎర్రదుమ్ము. అది ల్యాబు కిటికీల మీద పేరుకుని, లోపలికి ఎండ రావడం మానేసింది. దాంతో ఆ ల్యాబులో పరిశోధన చేసే కోదండరామి సారుకు ప్రాణం మీదికొచ్చింది. ఆయన చవుటి నేలల ఉప్పునీటి నుంచి ఆర్కియా అనే సూక్ష్మజీవులను పట్టి పెంచుతున్నారు. అవి విడిగా కంటికి ఆనవు, కోట్లు చేరితే నీరు ఎర్రబడుతుంది. బాక్టీరియాకు చుట్టాలు కూడా కావు, వాటిది వేరే వంశం. మిగతా ప్రాణులు బతకలేనంత ఉప్పులో హాయిగా కాపురం చేస్తాయి. పైన కాస్త ఎండ తగిలితే ఇంకా సంబరం.

"దయాసాగరప్పా, ఈ సీసా మీ ఇంట్లో ఎండకు పెట్టు. ఇంకో సీసా లేదు. ఇది పోతే నా పరిశోధన పోతాది, దాని వెనకాలే నీ ఉద్యోగం పోతాది," అని చెప్పి సారు ఊరికి పోయారు.

దయాసాగర్ దాన్ని వంటింటి కిటికీలో, ఊరగాయ సీసా పక్కనే పెట్టాడు. రెండూ ఎర్రవే, రెండింటి మూతికీ గుడ్డే. కోతపండుగ ఆదివారం కృపమణి, వేలానికి ఊరగాయ సీసా తెమ్మని చెప్పి, ముందే చర్చికి పోయింది. ఆలస్యమైందన్న కంగారులో, చేతికందిన సీసాను చంకన పెట్టుకుని పరిగెత్తినవాడు ఈ మహానుభావుడే.

కోతపండుగకు ప్రతి ఇల్లూ తన పంటో, కోడో, పిండివంటో దేవుడికి తెస్తుంది. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ ఏళ్లలో ఆ వేలం చూసి తీరాలి! లారీలు కొన్నవాళ్లు పంతానికి పోయి గుమ్మడికాయను మేక ధరకు, మేకను ఎద్దు ధరకు పాడేవారు. సీసా పైకెత్తగానే లారీల టైటస్ పాట మొదలుపెట్టాడు. అప్పుడు దయాసాగర్‌కు దాని మూతికి తాను కాలేజీలో కట్టిన నీలం దారం కనపడింది. తెచ్చింది సారు సీసా!

నిజం చెబుదామా? "దాంట్లో క్రిములుండాయి" అన్నాడంటే, ఇక కృపమణి ఊరగాయను ఆ సంఘంలో ఎవరూ ముట్టరు. ఊరుకుంటే ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి నోరు తెరిచి పాట పెంచాడు. టైటస్ ఇంకా పెంచాడు. ఈయనా తగ్గలేదు.

"ఏంది దయాసాగరప్పా, మీ ఇంటి ఊరగాయను నువ్వే పాడుకుంటాండావా?" అన్నాడు టైటస్.

"నా పెండ్లాం చేతి ఊరగాయప్పా! ఇంకొకరికి పోనిచ్చేది లేదు. నెల జీతం పెడతా!"

ఆడవాళ్ల వరసలు గొల్లున నవ్వాయి. టైటస్ నవ్వి చేతులెత్తేశాడు. "సాకప్పా, చాలు, తీసుకో. ఇంత ప్రేమ ముందర నేను యాడ పాడేది!" కృపమణి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పగింతలప్పుడు కూడా అంత ఏడవలేదు పాపం.

ఇంటికొచ్చి వేడన్నం వడ్డించి, ఆమె సీసా మూతి విప్పింది. దయాసాగర్ చేయి అడ్డం పెట్టేలోపే గరిటె ముంచి నాలిక మీద వేసుకుంది. "అయ్యో, ఉప్పు కషాయమైపోయిండాదే! ముక్కలన్నీ కరిగిపోయిండాయి. ఇంత ప్రేమగా పాడుకుంటివి, ఉండు, కాసిని నీళ్లు కలుపుతా," అని చెంబెత్తింది.

ఆయన ఎగిరి ఆమె చేయి పట్టుకున్నాడు. "వద్దు! మంచినీళ్లు తగిలితే పగిలి చస్తాయి!"

"ఏంది చచ్చేది?"

ఇక చెప్పక తప్పలేదు. ఆమె అంతా విని చెంబు దించింది.

"అయితే నువ్వు పాడింది నా ఊరగాయ కోసం కాదు."

దయాసాగర్‌కు ఉద్యోగం కంటే పెద్దదేదో చేజారినట్టు గుండె కలుక్కుమంది. "నీ పేరు చెడకూడదనే గదా, నిజం చెప్పలేకపోతి," అని నసిగాడు. అది నిజమే. కానీ ఇప్పుడు నమ్మేదెవరు?

ఆమె మూతికి గుడ్డ జాగ్రత్తగా కట్టి సీసాను మళ్లీ ఎండలో పెట్టింది. అసలు ఊరగాయను అటకెక్కించింది. ఆయన కంచంలో ఉప్పు వేయని మజ్జిగ పోసింది.

"ఉప్పు లేకుంటే చచ్చేది అవి. నువ్వు చావవులే, తిను."