బావిలో నాయనమ్మ వదిలిన చేప

నిన్న నీటి వనరుల పాఠం చూపిద్దామని మా ఏడో తరగతి పిల్లలను పాశమైలారం దగ్గర ఒక మందుల కంపెనీకి తీసుకెళ్లాను. కావాలనే ఆ కంపెనీని ఎంచుకున్నాను. గేటు పక్కన అద్దాల తొట్టిలో రంగు చేపలు తిరుగుతున్నాయి. “మేం శుద్ధి చేసి వదిలే నీళ్లలోనే ఇవి బతుకుతున్నాయి” అన్నాడు మేనేజరు. వెనక ఆ నీళ్లు వదిలే పైపులోంచి వచ్చే ఘాటు మాత్రం పాతదే.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, మంచినీళ్ల బావిలో కొర్రమీను పిల్లను వదిలేవాళ్లు? తాడు ఒరిసి గాడిపడ్డ రాయి, బొక్కెన పడగానే లోపలికి జారుకునే నల్లటి వీపు... రోజూ పొద్దున్నే మా నాయనమ్మ వంగి చూసేది. “చాప తిరుగుతున్నది, ఇగ తోడుకో బిడ్డా” అన్నాకే నేను బొక్కెన వేసేదాన్ని.

ఒకరోజు చేప వెల్లకిలా తేలింది. నాయనమ్మ దాన్ని కొంగులో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఇదే కంపెనీకి వచ్చింది. “సారూ, మీ నీళ్లు మా బాయిలకొచ్చినయ్, జెర సూడుండ్రి” అని బతిమాలింది. అప్పటి ఆఫీసరు కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

“దానికి వయసైపోయిందమ్మా.”

ఆ నవ్వును నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

నిన్న ఆ పైపు కింద బకెట్ నింపించి మేనేజరు ముందు పెట్టాను. “మీ తొట్టిలోని చేపను ఒకదాన్ని ఇందులో వేయండి సార్, పిల్లలు చూస్తారు.”

“వద్దు మేడమ్, చచ్చిపోతుంది” అనేశాడు. పిల్లలందరూ విన్నారు.

“పరేషాన్ గాకుండ్రి సార్” అన్నాను. “సస్తే, వయసైపోయిందనుకుందాం.”