నా కేసెట్ల బీరువా, బావ పెట్టె

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక అత్తరు కొట్టు మేడ మీద ఆదివారాలు పొద్దున్న మేం కొంతమందిమి కలుస్తాం. కొట్టాయన్ని అందరం భాయ్ అంటాం. తాతల నాటి అత్తరు వ్యాపారం ఆయనది, పిచ్చి మాత్రం పాత వీడియో గేముల మీద. ఎవరికి కొత్తగా ఏ పాత మెషీన్ దొరికినా అక్కడికి తెచ్చి, భాయ్ డబ్బా టీవీకి తగిలించి, అందరికీ చూపించి, ఆడించి తీసుకుపోతాం.

ఆ మేడ మీద నాకో స్థానం ఉండేది. నేను స్టీల్ ప్లాంట్‌లో రోలింగ్ మిల్లు మనిషిని. ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ పాత టీవీ గేములు, వాటి కేసెట్లు పోగు చేస్తున్నాను. పుస్తకాల్లో కార్ట్రిడ్జ్ అంటారు గానీ చిన్నప్పుడు మేమంతా కేసెట్ అనే అన్నాం, ఇప్పుడూ అదే అంటాం. కూర్మన్నపాలెంలో మా ఇంటి ముందు గదిలో వాటికోసం అద్దాల బీరువా చేయించాను. మా ఊరి ఉప్పుగాలికి కేసెట్ల అడుగున మెషీన్‌లోకి దిగే రాగి పళ్ళు నల్లబడిపోతాయి. దూదికి స్పిరిట్ అద్ది నెలనెలా తుడుస్తాను. ఏదైనా కేసెట్ గురించి సందేహం వస్తే మేడ మీద అందరూ నావైపే తిరిగేవారు.

బావ వచ్చేదాకా.

బావంటే నిజం బావ కాదు. గాజువాకలో ఒకే బడిలో చదువుకున్నాం, అప్పట్నుంచీ ఒకర్నొకరం అలాగే పిలుచుకుంటాం. పోర్టులో క్రేన్ నడుపుతాడు. వాడికి పాత మెషీన్లు ఒక్కటీ లేవు. సరదాగా నా వెంట భాయ్ మేడ మీదికొచ్చి ఓ మూల కూచునేవాడు. ఒక ఆదివారం చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ పెట్టె తీశాడు. అదొక బుల్లి కంప్యూటర్. అందులో పాత మెషీన్లలా నటించే ప్రోగ్రాములు వేసుకొచ్చి, భాయ్ టీవీకి తగిలించాడు. మేమంతా యాభై చోట్ల తిరిగి పోగు చేసుకున్న గేములు, మేం పేరు కూడా వినని గేములు, పాత కాలం కంప్యూటర్లలో ఆడినవి, అన్నీ గోరంత మెమరీ కార్డులో ఉన్నాయి.

ఆ రోజు నేను ఎంతో కష్టపడి బాగుచేయించిన మెషీన్ ఒకటి తెచ్చాను. దాని వైరు ఇంకా టీవీకి తగిలించనే లేదు, అందరూ బావ చుట్టూ మూగిపోయారు. భాయ్ కూడా కళ్ళజోడు తుడుచుకుని వంగి చూస్తూ, "అరే, ఇందులో లేనిదంటూ ఉందా మియా?" అన్నాడు.

చేతిలోని వైరు బల్ల మీద పడేశాను.

"అది ఆడతన్నట్టు నటిస్తాది బావా. ఇది ఆడతాది," అన్నాను నా మెషీన్ మీద చెయ్యేసి.

"నటనైతే ఏటి బావా? బొమ్మ దూకిందా లేదా?" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. వాడు ఎగతాళికి అనలేదు, వాడి తీరే అంత. ఆ ఎగతాళి లేకపోవడమే నన్ను మరింత మండించింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక సెలవు రోజున బావని భోజనానికి పిలిచాను. పెట్టె తెస్తాడని అనుకోలేదు. తెచ్చాడు. మా పెద్ద టీవీకి తగిలించి ఏదో ఆడుతూ, చేపల పులుసు గిన్నె పట్టుకొచ్చిన మా ఆవిడతో మాట వరసకి అడిగాడు.

"సిన్నప్పుడు నువ్వు ఏ గేమ్ ఆడీదానివి సెల్లీ?"

ఆమె ఆడలేదంటుందని అనుకున్నాను. గిన్నె బల్ల మీద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని, "పడవ గేమ్ అన్నయ్యా," అంది.

"ఎక్కడ ఆడీదానివి?"

"మా ఎలమంచిల్లో, టేసను కాడ మా మావయ్యకి వీడియో గేముల షాపుండీది. అరగంట సొప్పున ఆడనిచ్చీవోడు. మద్దేన్నం రైళ్ళు లేనప్పుడు ఎవులూ వొచ్చీవోరు కాదు. అప్పుడు నాదే రాజ్యం."

వాళ్ళ మావయ్యకి షాపుందని నాకు తెలుసు. మా పెళ్ళినాటికి అది సెల్‌ఫోన్ల షాపు. అంతకుముందు ఏముండేదో నేనెప్పుడూ అనుకోలేదు. నా బీరువాకి రెండడుగుల దూరంలో ఇన్నేళ్ళుగా తిరుగుతున్న మనిషి, నాకు చెప్పని మాట బావకి చెప్పింది, అదీ పులుసు చల్లారేలోపు.

పడవ గేమ్ అసలు పేరు ఆమెకి తెలియదు. తెడ్డు పట్టుకున్న ఒక టోపీ బొమ్మ, మీదికెగిరే చేపలు, చివర్లో ఒక తుఫాను. అంతే గుర్తు. బావ సెలవున్నప్పుడల్లా వచ్చి వెతకడం మొదలుపెట్టాడు. ఇద్దరూ చాప మీద కూచుని ఒక్కో గేమూ తెరిచి చూసేవారు. "ఇది కాదన్నయ్యా... ఇదీ కాదు... దీంట్లో పడవుంది గానీ ఆడి నెత్తి మీద టోపీ లేదు." నేను బీరువా ముందు స్టూలేసుకుని, నిన్న తుడిచిన కేసెట్లనే మళ్ళీ తుడుస్తూ ఉండేవాణ్ణి. బావ మీద అనుమానపడేంత నీచపు ఆలోచన నాకు రాలేదు. వాడు ఆమెకి అన్నే. కానీ ఆ వెతుకులాట నాది కావలసింది. గేముల మనిషిని నేను.

ఒక మధ్యాహ్నం ఆమె "ఓలమ్మో!" అని కేక పెట్టింది. చేతిలో దూదితో వెనక్కి తిరిగి చూశాను. తెర మీద నీలం నీళ్ళు, ఎర్రటోపీ బొమ్మ, పడవ. ఆమె ముఖం చూశాను. ఆ ముఖం నాకు కొత్త. పెళ్ళిలో లేదు, ఇల్లు కొన్న రోజున లేదు. పదేళ్ళ పిల్ల ముఖం అది. నాకు బావ మీద, వాడి పెట్టె మీదే కాదు, ఎలమంచిలి స్టేషన్ మీద, ఆ మావయ్య షాపు మీద, మధ్యాహ్నం రాని రైళ్ళ మీద కూడా కుళ్ళు పుట్టింది.

కాసేపు ఆడాక ఆమె తల పక్కకి వాల్చి వింది.

"పాట తొందరగా ఎలిపోతంది అన్నయ్యా. మా కాడ ఇంత జోరుగా ఉండీది కాదు."

"సిన్నప్పటి పాట కదా. నీకలాగ గుర్తుండిపోనాది," అన్నాడు బావ.

ఆమె జ్ఞాపకం తప్పు కాదు. ఎందుకో నాకు తెలుసు. ఆ గేములు తయారైన దేశం టీవీలకీ మన పాత టీవీలకీ వేగంలో తేడా ఉంది. ఇక్కడ అమ్మిన మెషీన్లు మన టీవీల లెక్కకి నడిచేవి, అందుకని బొమ్మా పాటా కొంచెం నెమ్మదించేవి. బావ పెట్టె పుట్టింటి వేగంతో పోతోంది. ఆ మాట అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. నోటితో చెబితే పోయేదానికి కేసెట్ పెట్టి చూపించాలనుకున్నాను, అదీ బావ ఎదురుగా.

ఇక ఆ కేసెట్ కోసం తిరగని చోటు లేదు. పూర్ణా మార్కెట్‌లో బొమ్మల కొట్ల అటకలెక్కాను. టీవీ మెకానిక్కుల్ని అడిగాను. చివరికి భాయ్ తనకి తెలిసిన ఒకాయన గురించి చెప్పాడు. సబ్బవరం దగ్గర పొలం అమ్మి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు, సిటీలో ఏదో షోరూమ్‌లో పని, ఆయనకీ ఇదే పిచ్చి. వెళ్ళాను. బియ్యం గోనెలోంచి కేసెట్లు నేల మీద కుమ్మరించాడు. వాటి పైబొమ్మని నమ్మడానికి లేదు, పైనొకటి లోపలొకటి. ఇద్దరం కూచుని ఒక్కోటీ టీవీలో పెట్టి చూశాం. కారు బొమ్మ అంటించిన ఒక కేసెట్‌లోంచి పడవ బయటికొచ్చింది. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను కాబోలు.

"దీనికోసవే వొచ్చినారు కదేటి?" అన్నాడాయన నవ్వుతూ. "ఊరికినే ఇవ్వను. మీకాడ టీవీ మీద కాల్చీ తుపాకీ ఉందంట, భాయ్ సెప్పినాడు."

ఆ తుపాకీ నా బీరువాలో నడిమి అరలో ఉంటుంది. వచ్చినవాళ్ళంతా మొదట చూసేది దాన్నే. మర్నాడు తెచ్చి ఇచ్చేశాను. తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. కేసెట్‌ని బనీను లోపల పెట్టుకుని బండి నడిపాను.

ఆ వారమే బావని పిలిచాను. అటక మీంచి మా పాత డబ్బా టీవీ దింపి, మెషీన్ తగిలించి, కేసెట్ పెట్టి మా ఆవిడని పిలిచాను. పాట మొదలైంది, నింపాదిగా, తెడ్డు వేసినట్టు. ఆమె నోటి మీద చెయ్యేసుకుంది.

"ఇదే. ఇదే పాట."

నేను ఆమెని చూడలేదు. బావ ముఖం చూశాను. అంత తృప్తి నా జీవితంలో ఎక్కువసార్లు దొరకలేదు.

బావ కాసేపు విన్నాడు. "మన టీవీల స్పీడేటి?" అని అడిగాడు. గర్వంగా ఊఁ అన్నాను, మొత్తం వివరించాను కూడా. వాడు శ్రద్ధగా విని, తన పెట్టె పెద్ద టీవీకి తగిలించి, దాని సెట్టింగుల్లోకెళ్ళి ఏదో ఒక వరస మార్చాడు. పడవ వచ్చింది. పాట వచ్చింది. నింపాదిగా, తెడ్డు వేసినట్టు.

"అరె, ఇదీ అలాగే వొచ్చీసింది!" అంటూ మా ఆవిడ డబ్బా టీవీ ముందునుంచి లేచి అటు జరిగి కూచుంది.

"కేసెట్టు కోసం సబ్బవరం దాకా ఎల్లినావేటి బావా? నన్నడిగితే సిటికెలో మార్చీసుందును," అన్నాడు వాడు, నామీద జాలిపడుతూ.

అక్కడ తెగింది నాకు. "దొంగ సరుకు! అదంతా దొంగ సరుకు! నీదనీసి సెప్పుకోడానికి ఒక్క వొస్తువుందేటి నీకాడ?" అని అరిచాను.

బావ లేచి, నా కేసెట్ బయటికి లాగి, కారు బొమ్మ నాకేసి తిప్పి పట్టుకున్నాడు. "పైన కారు, లోపల పడవ. ఇది అసలు సరుకేటి బావా? ఎవులో కాపీ కొట్టి అమ్మినారు, నువ్వు అద్దాల బీరువాలో ఎట్టుకున్నావ్." నెమ్మదిగానే అన్నాడు. పెట్టె జేబులో వేసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"అన్నం తినకండా పంపీసినావు మనిసిని," అంది మా ఆవిడ.

కొన్ని ఆదివారాలు నేను భాయ్ మేడకి వెళ్ళలేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె నా మెషీన్ ముందు కూచుని ఉండేది. గెలిచాననుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏది బాగుంది? బావదా, మనదా?"

"మనదే. నొక్కీసరికి దూకుతాడు. దాంట్లో ఓ పిసరు ఆలీసవవుతాది," అంది. నా గుండె గాలిపటమైంది. అంతలోనే, "అన్నయ్యని పిలు. తుఫాను కాడ సచ్చిపోతన్నాను. దాంట్లోనైతే ఆపిన కాడినుంచి మళ్ళీ ఆడొచ్చు. అది నేర్చీసుకుని దీంట్లో ఆడతాను," అంది.

పోర్టు గేటు దగ్గర టీ కొట్టులో పట్టుకున్నాను బావని. చేతికి గ్లాసిచ్చాను.

"మీ సెల్లి రమ్మంది."

"నువ్వో?"

"నానూ రమ్మన్నాను."

"ఏడుస్తా పిలుస్తన్నావ్ బావా," అన్నాడు. అవునన్నాను. ఇద్దరం నవ్వాం. టీ అయ్యాక నా బండెక్కాడు.

ఆమె బావ పెట్టెలో తుఫానుని ముక్కలు ముక్కలుగా నేర్చుకుంది. తర్వాత నా మెషీన్‌లో, మొదట్నుంచి, ఎక్కడా ఆపకుండా ఆడింది. పడవ ఒడ్డుకి చేరింది. మావయ్య షాపులో ఎవరూ అంతవరకూ వెళ్ళలేదట.

ఈ సంగతి బావ భాయ్‌కి చెప్పాడు. ఆ ఆదివారం ఆమెనీ తీసుకెళ్ళాం. భాయ్ తన సొంత కుర్చీ ఆమెకి వేశాడు. నా మెషీన్, బావ పెట్టె రెండు టీవీలకి తగిలించి పక్కపక్కనే పెట్టి, ఏది మేలో ఆమె ఆడి చెబుతుందని అందరూ మూగారు. రెండింటిలోనూ ఆడింది గానీ తీర్పు చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. మెషీన్లు చూడ్డం మానేసి ఆమె వేళ్ళు చూస్తున్నారు. పాతికేళ్ళుగా ఆడుతున్నాననే ఒకాయన తుఫానులో ఎటు తిప్పాలో ఆమె దగ్గర నేర్చుకుంటున్నాడు.

నేను ఒక టీవీ వెనక వైరు పట్టుకుని నిలబడ్డాను. బావ ఇంకో టీవీ వెనక వైరు పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు నేను ఒక్కణ్ణే మెట్లెక్కితే, నా చేతిలో ఎంత అరుదైన కేసెట్ ఉన్నా సరే, భాయ్ నా భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. "మేడమ్ రాలేదా మియా?" అంటాడు. మొన్న కొత్తగా చేరినాయనకి నన్ను మేడమ్‌గారి భర్తగా పరిచయం చేశారు. నాకు మండింది. పక్కకి చూస్తే బావ ముఖమూ మాడిపోయి ఉంది. వాణ్ణి మేడమ్‌గారి అన్నయ్య అన్నారు.