పెళ్ళికొడుకు నవ్విన చోట

మా నైనాది పొల్లాచ్చిలో కొబ్బరి వ్యాపారం. కాయను వేలితో కొట్టి, చెవి దగ్గర ఆడించి, అప్పటికీ నమ్మకం కుదరకపోతే పగలగొట్టి చూసేవాడు. మనుషుల విషయంలోనూ అంతే. నాలో ఉన్నదీ ఆ రక్తమే కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను.

నాకు చిన్నమనూరు సంబంధం వచ్చింది. అబ్బాయి పట్టాళంలో సైనికుడు. నాకు నచ్చాడు. కానీ అక్కడ ఏం చేశావని ఎవరడిగినా ఎండల గురించీ, తిండి గురించీ చెప్పి ఊరుకునేవాడు. "యూనిఫాం తొడుక్కోని ఫోటో దిగితే పట్టాళమా?" అని మా అత్త ఒకావిడ నైనా చెవిలో ఊదింది. ఇక నైనాకు కంటిమీద కునుకు లేదు. అబ్బాయి మళ్ళీ వచ్చినప్పుడు తలుపు బయటి తిన్నె మీదే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. లోపలికి రమ్మనలేదు.

నిజం తేల్చడానికి నైనా కనిపెట్టిన ఉపాయం మ్యాట్నీ. యుద్ధంలో ఇరుక్కున్న జనాన్ని సైనికులు కాపాడే సినిమా ఆడుతోంది. అసలు సైనికుడైతే మొహంలో తెలిసిపోతుందట. ఆయన అబ్బాయి పక్కన కూర్చుని తెర వదిలేసి అతన్నే చూశాడు. వెనక వరసలో అమ్మ పక్కన కూర్చుని నేను ఇద్దరినీ చూశాను.

సైనికులు రాగానే జనం తలుపులు తీసుకుని, చేతులు చాచి పరిగెత్తుకొచ్చారు. హాలంతా ఈలలు. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. సరిగ్గా అప్పుడే అతను నవ్వాడు. ఈ సంబంధం గోవిందా అనుకున్నాను.

బయట టీకొట్టు దగ్గర నైనా ఆగలేకపోయాడు.

"అందురూ ఏడుస్తా ఉంటే నీకేం నవ్వొచ్చింది?"

"అట్లా ఎవురూ పరిగెత్తుకోని రారు మామా. మేం పోతే గడియ పెట్టుకుంటారు. మేమూ చంపేదానికే వొచ్చినామనుకుంటారు."

"మరి నువ్వేం చేసినావు?"

"హెల్మెట్ తీసేసి గడప బయట కూర్చున్నా. మొగం కనబడాల గదా. సుమ్మా, ఊరికే అట్లా కూర్చోనుంటే, లోపలినించి చూసి చూసి తీస్తారు."

"తీయకపోతే?"

అతను టీ గ్లాసులోకి చూశాడు. "ఒగ ఇంట్లో తీయలా."

నైనా జేబులోంచి టీ డబ్బులు తీసి కొట్టువాడికిచ్చాడు. అడగాల్సిన ప్రశ్నను ఆయన అడగకుండా వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం, కట్టుకథ కూడా ఇలాగే ఉంటుంది కదా అని లోపల ఒక మూల పీకుతూనే ఉంది. బస్సులో దారంతా అతని మొహమే చూశాను.

ఇల్లు చేరాక, ఎవరూ చెప్పకుండానే అతను చెప్పులు విప్పి తిన్నె మీద కూర్చున్నాడు, మొహం మావైపు తిప్పి. నైనా తాళం తీశాడు. అమ్మా నేనూ లోపలికి వచ్చాం. వెనకే వచ్చిన నైనా చెయ్యి అలవాటుగా గడియ మీదికి పోయి, అక్కడే ఆగింది. దారంతా అనుమానించినందుకు నాకు సిగ్గేసింది.

నైనా తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

"ఆడ ఎందుకు కూర్చున్నావు అల్లుడా? లోపలికి రా."